ఓడినవాడు లేని పేకాట

హిందూపురంలో పొద్దుటి బండెక్కి ధర్మవరం దాకా పేకాడుకుంటూ పోయే మా ఐదుగురిలో ఓడినవాడంటూ ఎవడూ లేడు. ఎవర్ని కదిలించినా ఒకటే జవాబు: "ఏముందప్పా, ఒగ దినం పోతాది, ఒగ దినం వస్తాది. మొత్తమ్మీద నాకే రవ్వంత మిగులు." మా రమ్మీలో షో చేసినవాడికి మిగతా నలుగురి పాయింట్లు జమ అవుతాయి. నలుగురికి పోయిందే ఒకడికి రావాలి తప్ప బయటినుంచి ఒక్క పాయింటు కూడా రాదు. మరి ఐదుగురికీ మిగిలిందంటే ఆ మిగులు ఎవరిస్తున్నట్టు? రైల్వేవాళ్ళా?

డబ్బు పెట్టి ఆడం. బోగీలో నోట్లు బయటికి తీస్తే దిగాల్సింది స్టేషన్లో కాదు, పోలీస్ స్టేషన్లో. వారానికోసారి, ఎక్కువ పోగొట్టుకున్నవాడు ధర్మవరం స్టేషన్ బయట అందరికీ ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టించాలి. ఉగ్గానికి సెక్షన్ లేదని మా నమ్మకం. పైగా మా వెనక సుప్రీంకోర్టే ఉంది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద పోలీసులు పెట్టిన కేసు ఢిల్లీ దాకా పోయింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకూ మధ్య నడిచిన ఆ కేసులో 1967లో తీర్పు వచ్చింది. రమ్మీ మూడుముక్కలాట మాదిరి ఉత్త అదృష్టం కాదనీ, పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి గనక అందులో నేర్పే ఎక్కువనీ న్యాయమూర్తులు తేల్చారు. అంత పెద్దవాళ్ళు మా జ్ఞాపకశక్తిని అంతగా నమ్మారు. మాకేమో పోయిన వారం బజ్జీలు ఎవడు పెట్టించాడో గుర్తుండదు. ప్రతివాడికీ తను పెట్టించినట్టే గుర్తు, అదీ దయతలచి.

గెలిచిన ఆట మాత్రం చెక్కుచెదరదు. మా జట్టులో చింతపండు మండీ ఆసామి ఒకాయన ఉన్నాడు. ఎప్పుడో ఆఖరి ముక్కకు ఇస్పేటు జాకీ తగిలి షో చేసిన ఆటను ఇప్పటికీ స్టేషన్లతో సహా చెబుతాడు. ఓడిన ఆటలు ఆయన దృష్టిలో ఓటములు కావు. "జోకర్ పడింటే ఐపోయిండేది," "ఈయప్ప సరిగా కలపల్యా," "టీ అబ్బి అడ్డమొచ్చె." గెలుపు తన తెలివి, ఓటమి టీ అబ్బి. అమెరికాలో థామస్ గిలోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఫుట్‌బాల్ పందేలు కాసేవాళ్ళను పరిశీలించి 1983లో ఇదే సంగతి రాశాడు. వాళ్ళు గెలిచిన పందేన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకుని వదిలేస్తారు. ఓడిన పందేన్ని మాత్రం తిప్పి తిప్పి, అసలైతే గెలవాల్సిందేనని తేల్చేదాకా వదలరు. హిందూపురం టికెట్టు కొనుంటే ఆయనకు ఇంకా చవగ్గా తేలిపోయేది.

ఇదే మండీ ఆసామి బస్తా చింతపండు తూకంలో పావుకిలో తేడా వస్తే చిట్టాలో రాస్తాడు, ఆవర్జాకు ఎక్కిస్తాడు, రాత్రి నిద్ర కూడా పోడు. పేకాట లెక్క ఎందుకు రాయవన్నా అంటే, "అది యాపారం కాదు కదప్పా" అంటాడు. ఒకే జేబు డబ్బుకు బుర్రలో వేరువేరు ఖాతాలు తెరవడం మీద ఆర్థిక శాస్త్రవేత్త రిచర్డ్ థేలర్ ఏళ్ళ తరబడి రాశాడు, 2017లో నోబెల్ అందుకున్నాడు. మావాడి ఖాతాల్లో ఒకదానికి అసలు పుస్తకమే లేదన్నది వేరే విషయం.

చివరికి ట్రెజరీలో పనిచేసే అన్న ఒక నోటుపుస్తకం కొనుక్కొచ్చాడు. ప్రతి ఆటకూ పేర్లు, పాయింట్లు, కింద కూడిక, నెలాఖరుకు నికరం. ఆ రోజునుంచి ఆయన్ను విరూపణ్ణ అంటున్నాం. హిందూపురం వాళ్ళకు ఈ పేరు వివరించక్కర్లేదు. అచ్యుతరాయల కాలంలో ఖజానా చూసిన విరూపణ్ణ, రాజు అనుమతి లేకుండా సొమ్ము లేపాక్షి గుడికి పెట్టాడన్న నింద మీదపడితే, తన కళ్ళు తానే పెరికి గోడకు కొట్టాడని కథ. కల్యాణ మండపం దగ్గర ఆ ఎర్రటి మరకలు ఇప్పటికీ చూపిస్తారు. మా సీమలో లెక్కలు రాసే పని ఎంత గండమో తెలిసికూడా అన్న పెన్ను పట్టాడు.

మొదటి నెల నికరం చదివినప్పుడు బోగీలో చావు కబురు విన్నట్టయింది. ఐదుగురు లాభస్థుల్లో ముగ్గురు నష్టాల్లో తేలారు. మండీ ఆసామి అందరికంటే అడుగున. "కూడిక తప్పింటాది, మళ్ళీ చూడు," అన్నాడు. రెండు సార్లు చూసినా కూడిక ఒప్పే. "ఐతే పుస్తకమే తప్పు. రాయనప్పుడు బాగుంటి కదా!" నా స్థానం రెండు. కాబట్టి పుస్తకం మీద నాకు గౌరవం కలిగింది.

పుస్తకం వచ్చాక మనుషుల ఆట మారింది, నేర్పు కాదు. పదమూడు ముక్కలూ చెత్త పడ్డాయనుకోండి, మొదట్లోనే డ్రాప్ అంటే 20తో బయటపడొచ్చు. మధ్యలో అంటే 40. చివరిదాకా కూర్చుని దొరికితే 80. లాభంలో ఉన్నవాడు చక్కగా 20 ఇచ్చి కిటికీలోంచి కొండలు చూస్తాడు. నష్టంలో ఉన్నవాడికి ఆ 20 గొంతు దిగదు. లైఫ్ లేని ముక్కల్ని గుండెకు హత్తుకుని కూర్చుని 80 సమర్పిస్తాడు. 1979లో మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ జనాన్ని అడిగిన ప్రశ్న సరిగ్గా ఇదే. ఖాయంగా 3000 పోగొట్టుకుంటారా, లేక నూటికి ఎనభై పాళ్ళు 4000 పోయే, ఇరవై పాళ్ళు ఏమీ పోని పందెం కాస్తారా? నూటికి 92 మంది పందేనికే మొగ్గారు. అదే అంకెలు లాభంగా ఇస్తే ఎనభై మంది నోరు మూసుకుని 3000 తీసుకుంటామన్నారు. మా నష్టస్థులు ఆ 92 మందిలో మెంబర్లు.

కానెమన్, ట్వెర్‌స్కీ చెప్పిన ఇంకో ముచ్చట గుర్రప్పందాలది. రోజులో చివరి పందెం వచ్చేసరికి ఓడుతున్నవాళ్ళు గెలిచే ఆశ తక్కువున్న గుర్రాల మీద ఎక్కువ కాస్తారట, ఒక్క దెబ్బకు లెక్క సరిచేసుకుని ఇంటికి పోవాలని. మా చివరి పందెం ధర్మవరం ఔటర్ సిగ్నల్. భారతదేశంలో బండి ఔటర్లో ఆగాలని దండం పెట్టుకునే ప్రయాణికులు ఉన్నారంటే మీరు నమ్మరు. మా బోగీలో ముగ్గురున్నారు. "ఇంకొక్క ఆట, చిన్నది!" అని గబగబా పంచేస్తుంటారు. లాభంలో ఉన్నవాళ్ళకు సరిగ్గా అప్పుడే ఆఫీసు గుర్తొస్తుంది, సంచి సర్దుకుంటారు, డ్రైవర్‌ను తిడతారు. బండి అరగంట ఆలస్యమైతే ఎవడు ఎంతలో ఉన్నాడో పుస్తకం తెరవకుండానే మొహాలు చూసి చెప్పొచ్చు.

పెనుకొండలో ఎక్కి మా ఐదుగురితో కలిసే అయ్యవారి తరహా వేరు. ఆయన సగం దారిలో వస్తాడు, ఉన్న కాసేపట్లో బాగానే పోగొట్టుకుంటాడు, లేవమంటే చరిత్ర చెబుతాడు. "1565లో యుద్ధం పోయె, విజయనగరం పోయె. తిరుమలరాయలు ఏం చేసె? ఖజానా ఎత్తుకుని పెనుకొండకొచ్చి మళ్ళీ కూర్చునె! ఓడినోళ్ళు వచ్చి కూర్చున్న ఊరప్పా మాది, మమ్మల్ని లేమంటావా?" ఆ తర్వాత రాజధాని చంద్రగిరికి కూడా జరిగిందని నేను గుర్తుచేస్తే, ముక్కలు పంచమన్నాడు. ఈయన ఒకప్పుడు ఫోన్లో కూడా ఆడాడు. రమ్మీనీ పోకర్‌నీ మన రాష్ట్రం ఆన్‌లైన్లో 2020లోనే ఆపేసింది, డబ్బుతో ఆడే అలాంటివన్నీ దేశమంతటా మూయించే చట్టం 2025 ఆగస్టులో వచ్చింది. ఆ ఫోను ప్రతి ఆటనూ తారీఖుతో సహా దానంతటదే రాసిపెట్టేది. చూశావా అంటే, "ఆ పేజీ తెరిస్తే ఫోన్ స్లో అయితాండె" అన్నాడు.

పోకర్‌తో పొట్టపోసుకునేవాళ్ళు కూర్చున్న ప్రతి పూటా ఎన్ని గంటలు, ఎంత వచ్చింది, ఎంత పోయింది రాసుకుంటారు. వేల ఆటలు రాస్తేగానీ అదృష్టం ఒక పక్కకు, నేర్పు ఒక పక్కకు తేరవని వాళ్ళకు తెలుసు. నాణేన్ని వంద సార్లు ఎగరేసి యాభై ఐదు బొమ్మలు వేసినంత మాత్రాన ఎవడూ బొమ్మలు వేయడంలో నిపుణుడు కాడు కదా! ఈ నాణెం లెక్క నేను రెండో నెల నాలుగో స్థానానికి జారినప్పుడు జట్టుకు వివరించాను. మొదటి నెల రెండో స్థానంలో ఉండగా ఎందుకు వివరించలేదని విరూపణ్ణ అడిగాడు. అప్పుడు అవసరం పడలేదన్నాను.

లెక్కపెట్టి జూదం గెలిచినవాడు మనకు ఒకడున్నాడు, నలుడు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్ళారికి పోయి ఆడించిన 'చిత్రనళీయం' నాటకం ఈ నలుడి కథే. మహాభారతంలో ఋతుపర్ణుడు రథం మీద పోతూ పోతూ ఒక తాండ్ర చెట్టుకు ఆకులెన్ని, కాయలెన్ని చెప్పేస్తాడు. సారథిగా ఉన్న నలుడు ఊరుకోడు. రథం ఆపి, చెట్టు నరికి, లెక్కపెట్టి సరిచూసుకుంటాడు! మొదటి ఆడిటర్ ఆయనే అయ్యుండాలి. అప్పుడు ఆ విద్య నేర్చుకుంటాడు, పట్టిన కలి వదులుతుంది, పోయిన రాజ్యం మళ్ళీ పాచికలతోనే గెలుస్తాడు. మండీ ఆసామి ఈ కథంతా విని, "చివరాఖరికి మళ్ళీ ఆడితేనే కదప్పా వచ్చింది!" అన్నాడు. కథలో ఆయనకు దొరికిన నీతి అది.

ఉగాది ముందర ఆయనే ఒక తీర్మానం పెట్టాడు. పాత పుస్తకం మూసెయ్యాలి, కొత్త సంవత్సరానికి కొత్త పుస్తకం, అందరూ సున్నా నుంచి. చేతులెత్తమంటే నాలుగు లేచాయి. లాభంలో ఉన్న ఒక్క విరూపణ్ణే ఎత్తలేదు. పాత బాకీ తెచ్చి రాయకుండా కొత్త ఖాతా ఎట్లా తెరుస్తారు, మండీలో నువ్వు అట్లే చేస్తావా అని నిలదీశాడు. ఆసామి పేక కోస్తూ తాపీగా అన్నాడు: "చింతపండు బాకీ అయితే వడ్డీతో సహా తెచ్చి రాస్తా. పంచన్నా, పెనుకొండ వచ్చేసింది."