మాకు పట్టింపుల్లేవండీ!

మనుషులు ఒకరితో ఒకరు కలిసి మెలిసి తిరిగితే ద్వేషం కరుగుతుందని గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1954లో పుస్తకం రాశాడు. పాపం, ఆయన మా పెదపాడు వైపు రాలేదు. వచ్చుంటే కలిసి బతకడంలో మాకున్న అనుభవం చూసి కలం కింద పెట్టేసేవాడు. నాట్లకి దళితపేట, కోతలకి పేట, చేపల చెరువు గట్టు మీద రాత్రి కాపలాకి పేట, పట్టుబడి నాడు మెడలోతు నీళ్ళలో దిగి వల లాగడానికి పేట. ఇంతకన్నా దగ్గరితనం లోకంలో ఎక్కడుంది?

ఆల్‌పోర్ట్ ఒక మెలిక పెట్టాడు లెండి. కలిసేవాళ్ళు సమాన హోదాలో కలవాలట, ఒకే లక్ష్యం కోసం పనిచెయ్యాలట, చట్టమూ పెద్దలూ వెనకుండాలట. మేం అంతదాకా చదవం.

మా మోతుబరి ఒకాయన ఇంటికెళ్ళండి. "మాకు పట్టింపుల్లేవండీ, రోజులు మారిపోయాయి" అంటారు. మనస్ఫూర్తిగానే అంటారు. ఆ మాట పూర్తవకముందే ఎండన పడి పాలేరు వస్తాడు. వయసులో ఈయనకన్నా పదేళ్ళు పెద్ద, పిలుపు మాత్రం "ఒరేయ్". మంచినీళ్ళడుగుతాడు. ఇక ఆ ఇంటివాళ్ళ నోరు వినకండి, చెయ్యి చూడండి. ఆ చెయ్యి వంటింటి అర వైపు వెళ్ళదు. పెరటి గోడ మీదున్న సొట్ట గ్లాసు దగ్గరికి తనంతట తానే పోతుంది. జానెడెత్తు నుంచి నీళ్ళు వంపుతుంది. తాగినాయన గ్లాసు కడిగి, తీసినచోటే బోర్లిస్తాడు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. నోరు ఒప్పుకోని పక్షపాతాన్ని పట్టుకోవడానికి, కంప్యూటర్ మీట నొక్కడంలో మనిషి ఎంత తడబడ్డాడో కొలిచే పరీక్షొకటి 1998లో అమెరికావాళ్ళు కనిపెట్టారు. అంత ఖర్చు దేనికండీ, సొట్ట గ్లాసు చాలదూ?

టీ కొట్ల దగ్గర మాత్రం రెండు గ్లాసుల పద్ధతి పోయిందండోయ్. అంటరానితనం రద్దని రాజ్యాంగం 17వ అధికరణం 1950 నుంచీ చెబుతున్నా వినని ఊళ్ళను కాగితం కప్పు ఒక్కటే దారికి తెచ్చింది. తాగి పారేసేదే గనక ఎవరి ఎంగిలీ ఎవరికీ అంటదు. సమానత్వం చెత్తబుట్టలో భద్రంగా ఉంది.

మా పిల్లలు కలపర్రు టోల్‌గేటు దాటి, విమానమెక్కి డాలస్‌లో దిగుతారు. ఇల్లు కొనేముందు ఆ చుట్టుపక్కల 'నల్లోళ్ళు' ఎందరో ఆరా తీస్తారు. ఎందుకని అడిగితే "స్కూల్ రేటింగ్ అండీ" అంటారు. జన్మలో ఒక్క నల్లజాతి మనిషి ఇంట పూట భోంచెయ్యనివాడికి ఆ భయం ఎక్కణ్ణించి వచ్చిందంటారా? ఆవకాయ జాడీతో పాటు మనమే కట్టిచ్చాం.

2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేతలో కూచిభొట్ల శ్రీనివాస్‌ని ఒక తెల్లవాడు కాల్చి చంపాడు. ఒంటి రంగు చూసి చంపాడని ఊరూరా గుండెలు బాదుకున్నాం. బాదుకోవలసిందే. మూడు నెలలు తిరక్కుండానే మన పాలకోడేరు మండలం గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం దగ్గర గొడవై దళితులను వెలివేశారు. కూలి లేదు, కౌలు లేదు. ఆ వారాల్లో కొవ్వొత్తులు దొరకలేదేమో, మా వీధిలో ఒక్కటీ వెలగలేదు. "అది వివక్ష కాదండీ, వాళ్ళ ఊరి గొడవ" అని అరుగుల మీదే తీర్పు అయిపోయింది.

మాట్ లో అనే ఆర్థికవేత్త ఉత్తరప్రదేశ్‌లో 1,261 మంది కుర్రాళ్ళను ఎంచుకుని, వాళ్ళలో కొందరి చేత నెల్రోజుల క్రికెట్ పోటీలు ఆడించి చూశాడు. ఫలితం 2021లో అచ్చయింది. వేరే కులాలవాళ్ళు ఒకే జట్టులో ఆడితే స్నేహాలు పెరిగాయి. ఎదురుజట్లుగా తలపడితే ఆ కాస్త కలుపుగోలుతనమూ తగ్గింది. మా సంక్రాంతి పోటీలేమో మొదట్నించీ ఊరి టీము, పేట టీము. ఈసారి రెండూ కలిపి ఒకే టీము వేద్దామని కమిటీలో ఎవరో అంటే, మోతుబరిగారు క్షణం తటపటాయించలేదు. పట్టింపుల్లేని మనిషి గదా!

"వేసేద్దామండీ, తప్పేముంది? మనవాళ్ళు బ్యాటింగ్ చూసుకుంటారు. ఎండలో నిలబడి ఫీల్డింగ్ చెయ్యడం ఎలాగూ వాళ్ళకి అలవాటేగా!"