అయిదో కాగితం

మోటారు వాహనాల చట్టం 1988 నాటిది. పోలీసు ఆపితే ఆగాలంటుంది, యూనిఫాంలో ఉన్నాయన అడిగితే లైసెన్సు చూపించాలంటుంది. లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్: మొత్తం నాలుగు కాగితాలు. అవి డిజిలాకర్లో ఉన్నా చెల్లుతాయని 2018లో రూలు కూడా మార్చారు. అర్ధరాత్రి ఔటర్ సర్వీసు రోడ్డు మీద ఒంటరిగా కారు నడుపుకుంటూ వచ్చే ఆడమనిషిని మాత్రం చట్టంలో లేని అయిదో కాగితం అడుగుతారు.

"ఏడికెల్లి వస్తున్నరు మేడం? ఒక్కరేనా? ఇంట్ల సార్ లేరా?"

ఇది ఏ సెక్షనో వెతక్కండి, దొరకదు. లైసెన్సు చూసి తిరిగివ్వడానికి అర నిమిషం చాలు. సార్ ఏ ఊరు వెళ్ళారు, ఎప్పుడొస్తారు, ఆఫీసులో ఇంత రాత్రిదాకా ఏం పని, ఇవి తేలేసరికి వెనక నాలుగు లారీలు ఏ కాగితమూ చూపించకుండా వెళ్ళిపోతాయి. పక్క సీట్లో మగదిక్కు ఒకటి ఉంటే ఈ విచారణే ఉండదు. ఆ దిక్కు పీకలదాకా తాగి గురక పెడుతున్నా సరే.

క్షేమం కోరేవాళ్ళు సలహాలిస్తుంటారు. నిజానికి మంచి సలహాలే. ఇండికేటర్ వేసి, నెమ్మదించి, పెట్రోలు బంకు దగ్గరో టోల్‌గేటు దగ్గరో వెలుతురులో ఆపండి. లోపలి లైటు వెయ్యండి. తలుపులు లాక్ చేసి, అద్దం కొద్దిగా దించండి. ఎక్కడున్నారో ఇంట్లోవాళ్ళకి లొకేషన్ పంపండి. అనుమానమొస్తే 112కి ఫోన్ చేసి, నన్ను ఆపినవాళ్ళు మీవాళ్ళేనా అని అడగండి. పోలీసులంటే భయమేస్తోందని పోలీసులకే చెప్పుకునే సౌకర్యం ఇది. నకిలీ పోలీసులు పట్టుబడ్డ వార్తలు పేపర్లో వస్తూనే ఉంటాయి కనక అడగడంలో తప్పేం లేదు. పైగా నకిలీవాడి యూనిఫాం అసలువాడి దానికన్నా ఇస్త్రీగా ఉంటుంది.

పేరు చూసుకోండి అంటారు, అదింకో సలహా. అరెస్టు చేసే, విచారించే పోలీసుల పేరు, హోదా స్పష్టంగా కనిపించాలని సుప్రీంకోర్టు 1996లోనే డి.కె. బసు కేసులో చెప్పింది. పేరు బ్యాడ్జీ చొక్కాకి ఉంటుంది, కాదనను. చొక్కా మీద రేడియం జాకెట్ ఉంటుంది. డిసెంబరైతే మధ్యలో స్వెట్టరు, పైన మంకీ క్యాప్. ఇన్ని పొరల కింద సుప్రీంకోర్టు తీర్పు వెచ్చగా పడుకుని ఉంటుంది. దాన్ని లేపి "మీ పేరేంటండీ" అని అడిగారనుకోండి, ఇక మీ కారుకి లేని రోగాలు పుట్టుకొస్తాయి. అద్దానికి ఫిల్మ్ ఉన్నట్టు కనిపిస్తుంది, నంబరు ప్లేటు మీద అక్షరాలు వంకరగా కనిపిస్తాయి. అందుకే చట్టం కడుపులో, "సార్" నోట్లో పెట్టుకోమని అనుభవజ్ఞులు చెబుతారు.

గొట్టంలో ఊదమంటే మాత్రం మారాం చెయ్యకండి, అది వాళ్ళకి చట్టమిచ్చిన హక్కే. కొత్త స్ట్రా అడగండి చాలు. నోటు అడిగితే చలానా రాయమనండి. తాళం లాక్కోవడానికి సెక్షన్ ఉందా అంటే, నాకైతే కనబడలేదు. చెయ్యి లోపలికి పట్టనంత మటుకే అద్దం దించమన్నది అందుకే.

అసలు అందమంతా 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఉంది. పొద్దుగూకాక, మళ్ళీ పొద్దు పొడిచేలోగా ఆడవాళ్ళని అరెస్టు చెయ్యకూడదు. తప్పనిసరైతే మహిళా అధికారి మేజిస్ట్రేటు అనుమతి ముందే తీసుకుని చెయ్యాలి. పాత చట్టంలోనూ ఉన్న మాటే. మరి "స్టేషన్‌కి రండి మేడం, మాట్లాడుకుందాం" అంటే? అది అరెస్టు కాదట, ఆహ్వానం. పిలుపుకి సంతోషమండీ, పొద్దున్నే మా వకీలుతో వస్తాను అని మర్యాదగా చెప్పడం మేలు.

నా మనవి ఒక్కటే. అయిదో కాగితం ఎలాగూ అడుగుతున్నారు కనక దాన్ని మీసేవలో పెట్టెయ్యండి. "ఒంటరి రాత్రి ప్రయాణ కారణ ధ్రువపత్రం". కారణాలకు గడులుండాలి: నైట్ షిఫ్టు, శంషాబాదులో చెల్లెల్ని విమానం ఎక్కించడం, అమ్మకి బీపీ, ఊరికే నడపాలనిపించింది. చివరి గడికి ఇద్దరు గెజిటెడ్ అధికారుల సంతకాలు కావాలి. దరఖాస్తుదారు స్వయంగా రావాలి, వెంట మగదిక్కుని తేవాలి.

ఇంకో గడి కూడా కావాలి. నైట్ డ్యూటీ దిగిన మహిళా కానిస్టేబుల్ మఫ్టీలో స్కూటీ మీద ఇంటికి పోతూ ఉంటుంది. తర్వాతి చెక్‌పోస్టులో ఎవరో కొత్త కుర్రాడు చెయ్యి అడ్డం పెట్టి, ఒక్కరేనా మేడం, ఏడికెల్లి అంటాడు. ఆమె టిక్కు పెట్టుకోవడానికి: "ఇదే ప్రశ్న అడిగే డ్యూటీ నుంచి".