గొట్టమందలి గాజు: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యము

ఆ.వె.
గాజు గొట్టమందు, గాలికి చున్నీలు,
కొక్కెమందు నుండు కొంటె గొలుసు,
జంట వీడకుండ జాలిపై జూకాలు,
వెదుకులాట లేదు, వేళ మిగులు.

అవతారిక: ఈ పద్యము శాసనములలో లేదు, తాళపత్రములలోను లేదు. గేటు ముందు ఆటో హారన్ కొడుతుండగా రెండో జూకా కోసం మంచం కింద టార్చి వేసి చూస్తున్న ఇల్లాలిని ఉద్దేశించి చెప్పబడినది. వన్ గ్రామ్ గోల్డు, రాళ్ల సెట్లు, మట్టిగాజులు, చున్నీలు, స్టోల్సు గలవారు దీనికి అధికారులు. అసలు బంగారానికి లాకరు స్మృతి వేరే ఉంది. ఇక్కడ దాని ఊసు లేదు. ప్రయోజనమేమనగా, ఇంట్లో పారేయబోయే వస్తువులతోనే పని జరిగిపోవుట.

టీక: గాజు = గాజును (జాత్యేకవచనము; డజన్ల కొద్దీ అని గ్రహించునది); గొట్టమందు = గొట్టమునకు తొడుగబడియు; చున్నీలు = చున్నీలును (ఓణీలకు, స్కార్ఫులకు, శాలువలకు ఉపలక్షణము); గాలికి = గాలి ఆడుచోటను; కొంటె = అల్లరిదైన; గొలుసు = గొలుసును; కొక్కెమందు = కొక్కెమునను; జూకాలు = జూకాలును; జంట వీడకుండ = ఒకదాని తోడు ఒకటి విడువకుండ; జాలిపై = దోమల జాలీ మీదను; ఉండు = ఉండును (ఉన్నచో అని అధ్యాహారము); వెదుకులాట లేదు = వెదకు పని లేదు; వేళ = సమయము; మిగులు = మిగులును.

తాత్పర్యము: ఒక్కొక్క నగను విడివిడిగా, కంటికి కనబడేలా ఉంచినచో ఫంక్షనుకు వేళకు పోవచ్చును.

విశేషములు: "గాజు గొట్టము" అనగా గాజుతో చేసిన గొట్టమని సమాసం విప్పి, ప్రయోగశాల సామాన్ల కొట్టుకు బయలుదేరిన పండితుడొకరున్నారు. వారిని పోనిద్దాం.

గొట్టం ఎంత లావుండాలో కవి చెప్పలేదు. వ్యాఖ్యాత అన్నం తినేది ఇటువంటి చోటే. గాజుల కొట్టులో 2.4 అంటే దశాంశం కాదు, రెండు అంగుళాల మీద పదహారింట నాలుగు భాగాలు. అంటే రెండుంబావు అంగుళాలు, సుమారు 57 మిల్లీమీటర్లు. 2.6 అంటే 60 చిల్లర, 2.8 అంటే 63.5. ఇది లోపలి వ్యాసం. పీవీసీ నీళ్ల పైపు కొలతేమో బయటి వ్యాసం. కాబట్టి ప్లంబరు వదిలి వెళ్లిన 50 మిల్లీమీటర్ల పైపు ముక్క ఈ సైజుల గాజులన్నిటికీ సరిపోతుంది. 63 పైపు 2.6 గాజును దగ్గరికే రానివ్వదు, 2.8 గాజు ఎక్కితే ఎక్కుతుంది గాని దిగేటప్పుడు మట్టిగాజైతే పగిలి దిగుతుంది. పైపు కూడా దండగనుకునేవారు బట్టల కొట్టులో థాను చుట్టి వచ్చిన అట్టగొట్టం అడగవచ్చు. ఇవ్వని సేటు ఉండడు. దానికి పాత చీర అంచు చుడితే గాజులు జారవు, ఒకదానికొకటి తగిలి గీతలు పడవు.

ఇది కొత్త సంగతేమీ కాదు. వీధుల వెంట తిరిగే గాజులాయన భుజాన వేసుకొచ్చే మలారం ఏమిటి? గాజులను సైజు వారీగా తాళ్లకు గుచ్చి, ఒక్క చూపులో కనబడేట్టు కట్టిన కట్టే గదా. బేరం చేసినవాళ్లం గాజులు తీసుకున్నాం గాని ఆ తెలివి తీసుకోలేదు. లాడ్ బజారు లక్కగాజులను మాత్రం ఎండ పడే కిటికీ దగ్గర పెట్టరాదు, వేడికి లక్క మెత్తబడుతుంది.

"కొంటె గొలుసు": ఈ విశేషణం వ్యర్థం కాదు. 2007లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్ డియాగోలో డోరియన్ రేమర్, డగ్లస్ స్మిత్ అనేవారు తాడును పెట్టెలో వేసి గిరగిరా తిప్పి, సెకన్లలో దానంతట అదే ముడి పడుతుందని నిరూపించారు. మరుసటేడు వారికి ఇగ్‌నోబెల్ బహుమతి వచ్చింది. 46 సెంటీమీటర్ల కన్న పొట్టి తాడుకు వారి పెట్టెలో ముడి పడలేదు. మన 18 అంగుళాల గొలుసు సరిగ్గా ఆ గట్టు మీద నిలబడింది. పైగా అది తాడు కన్న మెత్తన. ఇక హ్యాండ్‌బ్యాగులో వేసుకుని బస్సెక్కితే చెప్పేదేముంది! ప్రయాణంలో కొక్కెం దొరకదు గనుక, రీఫిల్ తీసేసిన పెన్ను గొట్టంలోంచి గొలుసు ఒక కొస దూర్చి అవతల గొలుసుకున్న కొక్కేన్నే తగిలించాలి. స్ట్రా వాడమని పాత మతం. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు నిషేధం గనుక ఆ మతం వీగిపోయింది.

కొక్కేనికి రెండు అపవాదాలున్నాయి. ముత్యాల దండ వేలాడదీస్తే దారం సాగుతుంది. దాన్ని మెత్తని గుడ్డలో పడుకోబెట్టాలి, ప్లాస్టిక్ కవరులో బిగించకూడదు. వెండి పట్టీలకేమో గాలే పగ. గాలిలోని గంధకపు వాయువులు తగిలి నల్లబడతాయి. మూత గట్టి డబ్బాలో, బడిలో మిగిలిన సుద్దముక్క తోడుగా ఉంచితే చెమ్మను అది పీల్చుకుంటుంది. రబ్బరు బ్యాండు వేసి కట్టడం ఘోరం, రబ్బరులోనూ గంధకం ఉంది.

జూకాల విషయం చిన్నది. కిటికీకి మిగిలిన జాలీ ముక్కను పాత ఫొటో ఫ్రేముకు బిగిస్తే చాలు. కమ్మలైతే చొక్కా గుండీకున్న రెండు రంధ్రాల్లో చెరొకటి గుచ్చి శీలలు బిగించాలి.

"గాలికి": కవి ఎండకు అనలేదు. కలంకారీ చున్నీని ఎండలో ఆరవేసి ఉంచితే దాని రంగులు వెలిసిపోతాయి. మూలం దండెమే. అది లేని ఫ్లాట్లలో హ్యాంగరుకు పాత గాజులను దారంతో వరుసగా కట్టి, ఒక్కో గాజులోంచి ఒక్కో చున్నీ దూర్చాలి. జోడు పోయిన గాజులు ఏ ఇంట లేవు? జరీ ఉన్నవాటిని ఇలా దూర్చరాదు. నూలు గుడ్డలో చుట్టి, అప్పుడప్పుడు మడత మార్చాలి. నాఫ్తలీన్ ఉండలు జరీకి తగలరాదు.

పూర్వపక్షము: భోషాణవాదులు ఇలా అంటారు. నగలన్నీ ఒక్క పెట్టెలో ఉండాలి. బయట పెడితే దుమ్ము పడుతుంది, పనిమనిషి కంట పడుతుంది.

సమాధానము: దుమ్ము మాట నిజం. అందుకే జాలీ ఫ్రేమును బీరువా తలుపు లోపలి వైపు బిగించాలి. పనిమనిషి మాట అన్యాయం. పెట్టె అడుగున మరిచిపోయినవి ఆమె మీదికి తోసిన ఇళ్లు బోలెడు. ఇక వెల్వెట్ అరల పెట్టెను ఆన్‌లైన్‌లో తెప్పించే నవ్యులున్నారు. ఆ పెట్టెను ఎక్కడ పెట్టాలో తెలియక, దాని కోసం మరో అర ఖాళీ చేస్తారు. దీన్ని శాస్త్రంలో అనవస్థా దోషమంటారు.

ఛందస్సు: ఆటవెలది. గాజుకు గాలితో, కొక్కేనికి కొంటెతో, జంటకు జాలితో, వెదుకులాటకు వేళతో యతి కుదిరింది. ఇంకా దోషం చూపదలచిన విమర్శకులు ముందుగా తమ డ్రెస్సింగ్ టేబుల్ కింది సొరుగు లాగి చూపించవలెనని ప్రార్థన.