గాలి మీద ముల్లు

ఎల్పీ రికార్డు తయారుచేసేటప్పుడు గాడిని కోసే ఉలి అంచు నుంచి మధ్యకి తిన్నగా, వ్యాసార్ధం వెంట నడుస్తుంది. ఇంట్లో మనం పెట్టే ముల్లు మాత్రం ఒక మూల బిగించిన చేతికి వేలాడుతూ వంపు తిరిగి వస్తుంది. కోసిన దారి ఒకటి, నడిచే దారి ఇంకొకటి. మామూలు టోన్ ఆర్మ్ అనే ఈ చేతిని సరిగ్గా బిగిస్తే ఈ తేడా మహా అయితే రెండు డిగ్రీలు. బుద్ధిమంతులు ఆ రెండు డిగ్రీల జోలికి పోకుండా పాట వింటారు. నాబోటి వాళ్లు నిద్ర మానుకుంటారు.

1877 నాటి ఎడిసన్ ఫోనోగ్రాఫుకి ఈ జబ్బు లేదు. రేకు చుట్టిన రోలరే మర మీద పక్కకి జరిగేది, ముల్లు ఉన్నచోటే ఉండేది. పదేళ్లకి బెర్లినర్ బల్లపరుపు రికార్డు తెచ్చాడు, దాని వెంట వంపూ వచ్చింది. 1938లో లోఫ్‌గ్రెన్ అనే స్వీడన్ ఇంజినీరు, 1941లో బేర్వాల్డ్ కూర్చుని లెక్కలు కట్టారు. చేతిని కాస్త వంచి, కాస్త ముందుకి జరిపి బిగిస్తే ఒక పక్క మొత్తం మీద రెండు చోట్ల తప్పు సున్నా అవుతుందని తేల్చారు. మిగతాచోట్ల సర్దుకుపోవాలి. ప్రపంచం సర్దుకుపోయింది కూడా.

సర్దుకోని వాళ్లు ముల్లుని కూడా ఉలి దారిలోనే నడిపిద్దామన్నారు. చిక్కేమిటంటే, దాన్ని లాక్కుపోవలసింది ఆ గాడే. ఇరవై రెండు నిమిషాల పక్కకి రికార్డు ఏడు వందల ముప్ఫై చుట్లు పైగా తిరుగుతుంది. ఆ చుట్లన్నిటిలో చెయ్యి కదలవలసింది ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, అంటే చుట్టుకి మిల్లీమీటరులో పదో వంతు. ఏమాత్రం రాపిడి ఉన్నా ఆ భారం ముల్లు మీదే పడుతుంది. అందుకని సన్నని బెజ్జాల గుండా గాలి ఊది, తల వెంట్రుక మందం కూడా లేని గాలి పొర మీద గొట్టాన్ని తేలించారు. ఫ్లోరిడాలోని టల్లహాసీలో బ్రూస్ థిగ్‌పెన్ అనే ఆయన 1980లలో చేసిన ఈటీ-2 ఈ జాతిలో బాగా పేరుపడింది. (ఈయనే తర్వాత ఫ్యాను రెక్కలతో గాలిని కదిలించే వూఫర్ కూడా చేశాడు. గాలితో ఏదో పాతబాకీ ఉన్నట్టుంది.)

నాకు దొరికింది ఆ కోవదే, ఎవరో వాడి అమ్మేసినది. అమెరికా నుంచి మా బావమరిది చొక్కాల మధ్య పెట్టుకుని తెచ్చాడు. "ఇదేంటని కస్టమ్స్ వాడు అడిగాడు బావా. సైకిల్ పంపన్నాను, వదిలేశాడు" అన్నాడు. దానితో వచ్చిన అసలు పంపు 110 వోల్టులది. అందుకని మా పేటలో చేపల తొట్లు అమ్మే దుకాణానికి వెళ్లి పెద్ద సైజు ఎయిర్ పంపు అడిగాను.

"ఎంత తొట్టి సార్?"

"తొట్టి లేదు."

"మరి చేపలేం చేపలు?"

"చేపలూ లేవు. గాలే కావాలి."

అతను నన్ను కాసేపు చూశాడు. "ముందుగాల తొట్టి కొనున్రి సార్, గాలి సంగతి తర్వాత సూద్దాం" అన్నాడు.

చివరికి తెచ్చుకున్న ఈ పంపులో రబ్బరు పొర సెకనుకి యాభైసార్లు కొట్టుకుంటుంది. ఆ కొట్టుకోవడం గొట్టంలోంచి చేతిలోకి, చేతిలోంచి స్పీకర్లలోకి దిగి సన్నగా మూలుగుతుంది. మధ్యలో ఒక పెద్ద డొల్ల పెడితే గాలి అక్కడ నెమ్మదించి నిలకడగా వస్తుంది. రాణిగంజ్‌లో నాలుగంగుళాల పీవీసీ పైపు, రెండు మూతలు, రెండు నాజిళ్లు, ఓ డబ్బా సొల్యూషన్ కొని ఆ డొల్ల నేనే చేశాను. పంపు బాల్కనీలో వాషింగ్ మిషన్ పక్కన, డొల్ల వంటింటి అటక మీద, అక్కడి నుంచి సన్నగొట్టం హాల్లోకి. "ఐసీయూలో ఎవరినైనా పెట్టామాండీ?" అంది మా ఆవిడ. కుళాయి బాగుచేయడానికి వచ్చిన ప్లంబరు తలెత్తి ఆ పైపు వాలకం చూశాడు. "సార్, ఇండ్లకి నీళ్లెక్కడికెల్లి వస్తయి?"

"నీళ్లు రాకూడదు."

"వస్తలేవు గద. మరింక ప్రాబ్లమేంది?"

వానాకాలంలో నీళ్లూ వచ్చాయి. తేమగాలి గొట్టంలో చెమ్మగా దిగుతుంటే చెప్పుల డబ్బాల్లోని సిలికా జెల్ పొట్లాలు పోగుచేసి ఒక సీసాలో పోసి దారిలో పెట్టాను.

పంపు వేయగానే చెయ్యి తేలింది. నోటితో ఉఫ్‌మంటే ఈ కొసనుంచి ఆ కొసకి పోయింది. అంతవరకు ఆనందమే. కానీ రాపిడి లేని వస్తువుకి సొంత అభిప్రాయం ఉండదు, ఎటు పల్లమైతే అటే. రసమట్టం పెట్టి చూస్తే బుడగ నడిమధ్యన నిలబడి అంతా సవ్యమే అంటోంది. చెయ్యి మాత్రం ఈశాన్యం వైపు తీరుబడిగా జారిపోతోంది. పాత శుభలేఖల అట్ట కత్తిరించి స్టాండు కాళ్ల కింద ఒక్కో ముక్కా తోశాను. ఎవరి పెళ్లి అట్ట పలచనో, ఎవరిది మందమో నాకిప్పుడు కంఠతా వచ్చు. చెక్క స్టాండు కనుక ముసురుపడితే ఉబ్బుతుంది, మళ్లీ శుభలేఖలు దిగాలి.

అట్టలతో మట్టం కుదిరాక వైర్ల వంతు. ముల్లుని పట్టి ఉంచే కార్ట్రిజ్ వెనక నాలుగు తీగలు: ఎరుపు, తెలుపు, నీలం, ఆకుపచ్చ. చేతితో పాటు జరగాలి కాబట్టి వాటిని ఉచ్చులా వదులుతారు. ఎంత సన్నవైనా ఆ ఉచ్చు స్ప్రింగే. అంచు దగ్గర చేతిని లోపలికి తోస్తుంది, మధ్యకొచ్చాక బయటికి లాగుతుంది. కోఠీ గుజరాతీ గల్లీలో ఇంకా సన్నని ఎనామిల్ తీగ దొరికింది. ఊపిరి బిగబట్టి చిమటాతో పట్టుకుని టాకా వేసి, ఉచ్చుని పక్కనుంచి కాకుండా పైనుంచి వేలాడదీశాను. ఈ సామానుకి ఎన్ని మార్పులు చేసినా, పెద్దగా డబ్బు ఖర్చు లేకుండా అసలు ఫలితమిచ్చింది ఇదొక్కటే. ఖరీదైనవి చాలావరకు మన నమ్మకానికి పెట్టే నైవేద్యాలు.

కరెంటు సంగతి వేరే. రికార్డు తిరుగుతుండగా గాలి ఆగితే చెయ్యి లోహం మీద కూలబడిపోతుంది. గాడి లాగుతూనే ఉంటుంది, మధ్యలో ముల్లు కాడ వంగిపోతుంది. అందుకని మోటారు, పంపు రెండూ ఒకే ఇన్వర్టరు ప్లగ్గుకి తగిలించాను.

పరీక్షకి గొంతు స్పష్టంగా వినిపించే రికార్డు కావాలి. ఘంటసాల భగవద్గీత తీశాను. సీలింగ్ ఫ్యాను వేస్తే చెయ్యి ఊగుతుంది కనుక ఫ్యాను బందు, కిటికీలన్నీ బార్లా. ఒకే శ్లోకం మధ్యాహ్నం నుంచి మళ్లీ మళ్లీ. పొద్దుగూకే వేళ కింది ఫ్లాటు రావుగారు చెప్పులు బయటే విడిచి, చేతులు కట్టుకుని లోపలికి వచ్చారు.

"ఎప్పుడు జరిగిందండీ?"

"మధ్యాహ్నం నుంచీ జరుగుతూనే ఉందండీ. ఇప్పుడే ఆగింది."

ఆయన కళ్లు మూసుకున్నారు. "పెద్దావిడేనా?"

అంతలో మా అత్తగారు ఆయనకి కాఫీ తెచ్చారు.

ఇంతా చేసి ఒరిగిందేమిటంటే, చివరి పాట. రికార్డు అంచున గాడి ముల్లు కింద సెకనుకి 51 సెంటీమీటర్ల వేగంతో పోతుంది, లేబుల్ దగ్గర 21. ఆ మెల్లదనాన్ని ఏ చెయ్యీ మార్చలేదు. దానికి కోణం తప్పు కూడా తోడైనప్పుడే పాత చేతితో గాయకుల 'శ'లూ 'స'లూ తుంపర పడేవి. ఇప్పుడు పడవు. బాస్ పెరిగింది, వేదిక విశాలమైంది లాంటి మాటలు నేననను. మా ఆవిడ రెండు చేతులూ విని, "రెండూ ఒకలాగే ఉన్నాయి. ఫ్యాను వేస్తే రెండూ ఇంకా బాగుంటాయి" అంది.

కాఫీ తాగాక రావుగారు ఈ యంత్రం కథంతా అడిగారు. చెప్పినదాంట్లో ఆయన చెవిని పడింది ఒక్కటే. "ఈశాన్యానికి జారిందా? ఈశాన్యం పల్లమంటే లక్ష్మి కదండీ! అట్టముక్కలు పెట్టి సరిచేశారా? ఎంత పని చేశారు!" స్టాండు వాలుకి, బిల్డింగు వాలుకి సంబంధం లేదని చెప్పబోయాను, వినలేదు. వాళ్ల అల్లుడు కొత్త వెంచర్లో ఫ్లాటు చూస్తున్నాడట. కొనేముందు నా చేతిని అక్కడ ఒకసారి పెట్టి చూపించాలట.

"పంపు కూడా తేవాలండీ, కరెంటు కావాలి" అన్నాను.

ఆ ఫ్లాటుకి ఇంకా మీటరు బిగించలేదు. బిగించగానే కారు పంపిస్తానన్నారు.