చోటు లేదు

జి.మాడుగుల మండలంలో, తారు రోడ్డు వదిలి కొండెక్కితే వచ్చే ఓ కోందు గూడెంలో ఏకోపాధ్యాయ పాఠశాల ఉంది. ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులకూ ఒక్కరే మాస్టారు. చోడవరం వైపు నుంచి వచ్చినాయన. పాఠాలు ఆయనవే, రిజిస్టర్లు ఆయనవే, వాటితోపాటు ఓ పాత ట్యాబ్ కూడా ఆయన నెత్తినే ఉంది. 2 జీబీ ర్యామ్, 16 జీబీ స్టోరేజ్. కొత్తలో బాగానే నడిచింది. ఇప్పుడు ఏ యాప్ నొక్కినా తెల్లతెర వస్తుంది, కాసేపు చక్రం తిరుగుతుంది, యాప్ మూసుకుపోతుంది.

ఫిబ్రవరిలో ఓ శనివారం మెసేజ్ వచ్చింది. హాజరు వేసే యాప్‌కి కొత్త వెర్షన్ వచ్చిందట, సోమవారం నుంచి పాతది పనిచెయ్యదట. మాస్టారికి గుండెల్లో రాయి పడింది. హాజరు పడకపోతే ఆ రోజు భోజనం లెక్కకి రాదు. బియ్యం, గుడ్లు, చిక్కీ అన్నీ ఆ హాజరుతోనే ముడిపడి ఉన్నాయి. అక్కడికక్కడే కొత్తది ఎక్కిద్దామని చూస్తే ‘తగినంత స్థలం లేదు’ అని వచ్చింది. బడి వదలగానే ట్యాబ్ సంచిలో వేసుకుని, జీపు పట్టుకుని జి.మాడుగుల సెంటర్లో దిగారు.

సెల్ రిపేరు కొట్టు కుర్రాడు పని తెలిసినవాడు. ట్యాబ్ చేతికివ్వగానే టకటకా ఏవేవో నొక్కెయ్యలేదు. సెట్టింగుల్లోకి వెళ్ళి, స్టోరేజ్ తెరిచి, దేనికి ఎంత పోతోందో పైనుంచి కిందదాకా చదివాడు.

“దీనికి రెండు జబ్బులున్నాయి మాస్టారూ. ర్యామ్ వేరు, స్టోరేజ్ వేరు. ర్యామ్ అంటే వంటగట్టు అనుకోండి, స్టోరేజ్ అంటే కొట్టుగది. గట్టు ఇరుకైతే వంట మెల్లగా అవుతాది. కొట్టుగది నిండిపోతే కొత్త బస్తా దించడానికే ఉండదు. మీకిప్పుడు రెండూ ఇరుకే.”

“యాప్ 150 ఎంబీయే అన్నారు తమ్ముడూ. 200 ఖాళీ ఉన్నట్టు చూపిస్తోందిగా?”

“దించుకున్న ఫైలుకి చోటు కావాలి, దాన్ని విప్పడానికి చోటు కావాలి, పని పూర్తయ్యేదాకా పాత వెర్షనూ ఉండాలి. చెప్పిన సైజుకి రెండు మూడింతలైనా ఖాళీ ఉంటే గానీ ఎక్కదండి. 16 అని డబ్బా మీద రాస్తారు గానీ అందులో ఆండ్రాయిడ్‌దీ, దాంతో వచ్చిన యాపులదీ పోగా మనకి మిగిలేది తక్కువే.”

అంటూనే పని మొదలుపెట్టాడు. ముందు ట్యాబ్ ఆపి మళ్ళీ ఆన్ చేశాడు. దాంతో ర్యామ్‌లో పేరుకుపోయినవి దిగిపోయాయి. ఎవరూ వాడని యాపులు తీసేశాడు. తీయడానికి కుదరని వాటికి అప్‌డేట్లు తొలగించి డిజేబుల్ చేశాడు. తర్వాత ఒక్కో యాప్‌కీ వెళ్ళి క్యాష్ తుడిచాడు. హాజరు యాప్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆగి, మాస్టారికి తెర చూపించాడు.

“ఇక్కడ రెండు బటన్లున్నాయి చూడండి. క్లియర్ క్యాష్ నొక్కితే ఏం కాదు, అది యాప్ మళ్ళీ తెచ్చుకోగలదు. క్లియర్ డేటా మాత్రం నొక్కకండి. సిగ్నల్ అందక పైకి పోని హాజరంతా అందులోనే ఉంటాది. నొక్కారంటే పోయినట్టే.”

వాట్సాప్‌లో ఫొటోలు, వీడియోలు వాటంతటవే దిగకుండా ఆపేశాడు. ఫైళ్ళలోకి వెళ్ళి ‘సెంట్’ అనే ఫోల్డర్ తెరిచాడు. మాస్టారు ఆశ్చర్యపోయారు. ఏ రోజు ఏ గ్రూపులో పెట్టిన ఫొటో అయినా అందులో ఉంది. కెమెరాలో ఒకటి, పంపినందుకు ఇంకొకటి, ప్రతిదీ రెండేసి. కడగకముందు మరుగుదొడ్డి, కడిగాక మరుగుదొడ్డి. ఉడికించిన గుడ్లు, పంచిన గుడ్లు. చేతులు కడుక్కుంటున్న పిల్లలు. పంపినవాటి నకళ్ళు కుర్రాడు తుడిచేశాడు. అసలువాటి జోలికి పోబోతే మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు.

“వాటిని ముట్టుకోకు. తనిఖీకి వచ్చినప్పుడు చూపించమంటారు.”

అప్పటికి కొంత జాగా వచ్చింది. ఇంకా చాలలేదు. ఇక మిగిలిన పెద్దది ఒకే ఒక్కటి. ‘మామ్మ’ అని పేరు పెట్టిన ఫోల్డర్. 3 జీబీ పైమాటే.

కుర్రాడు ఒక వీడియో నొక్కాడు. అరుగు మీద ఓ ముసలమ్మ కూర్చుని చేటతో చోళ్ళు చెరుగుతోంది. చేట ఎగరేసినప్పుడల్లా ఓ మాట, దించినప్పుడల్లా ఓ మాట. పాటకి తాళం ఆ చేటదే. వెనక పిల్లలు కిసుక్కుమంటున్నారు. ఆ పాట కువిలో ఉంది, ఆ గూడెం కోందులు మాట్లాడే భాషలో.

ఆ ఫోల్డర్ వెనక పెద్ద పనే ఉంది. ఆ గూడెంలో ఒకటో తరగతికి వచ్చే పిల్లలకి తెలుగు రాదు. ‘అ అంటే అమ్మ’ అంటే గుడ్లప్పగించి చూస్తారు. మొదటి ఏడాది మాస్టారు పాఠం చెబుతుంటే ఒక్క పిల్లా నోరు మెదపలేదు. ఓ రోజు మామ్మ చెప్పిన కథ, తేనెకి వెళ్ళిన పిల్లాడూ ఎలుగ్గొడ్డూ ఉన్నది, ట్యాబ్‌లో రికార్డు చేసి తరగతిలో పెట్టారు. అంతే, మూగనోము పట్టిన పిల్లలు పోటీలు పడి ఆ కథ తిరిగి చెప్పడం మొదలుపెట్టారు. వాళ్ళు కువిలో చెప్పింది ఆయన తెలుగు అక్షరాల్లో బోర్డు మీద రాశారు. తాము అన్న మాటే బోర్డు మీద ఉందని తెలిశాక పిల్లలు చదవడం నేర్చుకున్నారు.

బడి మొదటి మెట్టు ఇంటిభాషే కావాలన్నది మన్యం మనకి కొత్తగా చెప్పిన మాట కాదు. తెలుగు వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు, సవర పిల్లల కోసం ఆ భాషలోనే వాచకాలు రాశారు, 1931లో సవర వ్యాకరణం అచ్చువేయించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004లో గిరిజన భాషల్లో చదువు చెప్పే కార్యక్రమం పెట్టినప్పుడు అందులో కువి కూడా ఉంది. కువి తెలుగుకి పరాయిదేం కాదు, ఒకే ద్రావిడ శాఖ నుంచి వచ్చిన చెల్లెలు. 2011 జనాభా లెక్కల్లో దాన్ని మాతృభాషగా రాయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద సుమారు లక్షన్నర. వాడుకలో సొంత లిపి లేని భాషకి మామ్మలాంటి వాళ్ళ గొంతే పుస్తకం. 2025 సెప్టెంబరు 1న కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ‘ఆది వాణి’ అనే అనువాద యాప్ తెచ్చి సంతాలీ, భీలీ, ముండారీ, గోండీ భాషలతో మొదలుపెట్టింది. యంత్రానికైనా భాష నేర్పాలంటే ముందు ఎవరో ఒకరు కూర్చుని ఆ మాటలు పోగుచెయ్యాలి. ఆ పని ఈ మాస్టారు ఎవరూ చెప్పకుండానే చేశారు.

ఆయన తన మాటలు పోగుచేస్తున్నారని మామ్మకి తెలుసు. ఒకసారి రికార్డింగ్ అయ్యాక అడిగింది కూడా.

“ఎన్నాళ్ళుంటాది బాబూ ఇది అందులోన?”

“ఎప్పటికీ ఉంటుంది మామ్మా” అన్నారు మాస్టారు. ఆ తర్వాత ఆవిడ పిలవకుండానే వచ్చి పాడేది.

“దీన్ని తుడిచే ముందు కాపీ తీసుకుందాం మాస్టారూ” అన్నాడు కుర్రాడు. కొత్త మెమరీ కార్డు తీసి పెట్టి చూశాడు. ట్యాబ్‌లో కార్డు స్లాటే పాడైపోయింది. కంప్యూటర్లోకి ఎక్కిద్దామంటే మధ్యాహ్నం నుంచి కరెంటు లేదు. మాస్టారి ఫోన్లోకి పంపుదామంటే అదీ నిండుగానే ఉంది.

“వీడియో కాకుండా గొంతు ఒక్కటే రికార్డు చేసుంటే ఇంత అయ్యేది కాదండి. వీడియో నిమిషానికి వంద ఎంబీ దాకా తింటాది, ఆడియో అయితే ఒక ఎంబీ చాలు. పోనీ ట్యాబ్ నా దగ్గర ఉంచి వెళ్ళండి. కరెంటు రాగానే అన్నీ కాపీ తీసి సోమవారం ఇచ్చేస్తాను.”

“సోమవారం పొద్దున్నే హాజరు వెయ్యాలి. పిల్లల భోజనం అది.”

బయట ఆఖరి జీపువాడు హారన్ కొడుతున్నాడు. మాస్టారు తెర మీద ఆగిపోయిన మామ్మ మొహం చూశారు.

“తీసెయ్ తమ్ముడూ. మామ్మ ఊళ్ళోనే ఉంది, మళ్ళీ పాడించుకుంటాను.”

కుర్రాడు మరోసారి చెప్పాడు. “తీసేసినవి 30 రోజులు బిన్‌లో ఉంటాయి. కానీ అక్కడున్నంతకాలం చోటు ఖాళీ అవదు. బిన్ కూడా తుడిస్తే ఇక రావు.”

“తుడిచెయ్.”

3 జీబీ ఖాళీ అయింది. యాప్ ఎక్కింది. సోమవారం హాజరు చకచకా పడింది, పిల్లలకి గుడ్లు అందాయి.

మాస్టారిని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. పిల్లల కడుపుకీ మామ్మ పాటకీ మధ్య ఎంచుకోమంటే ఏ మంచి పంతులైనా కడుపునే ఎంచుకుంటాడు. నన్ను బాధించేది ఆ రెండింటినీ ఒకే 16 జీబీలోకి తెచ్చి కుక్కిన తీరు. అడిగేవాళ్ళున్నందుకు మరుగుదొడ్డి ఫొటోలు నిలబడ్డాయి. అడిగేవాళ్ళు లేనందుకు పాట పోయింది. పాత ట్యాబ్ వాడే ప్రతి పంతులుకీ, అంగన్‌వాడీ టీచరుకీ, ఆశా అక్కకీ నేను చెప్పేది ఒక్కటే. ఎవరూ అడగనివాటికే ముందు కాపీ తీసుకోండి. అడిగేవి ఎలాగూ ఉంటాయి.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది.

ఫిబ్రవరి 20న మధ్యాహ్నం మాస్టారు గూడెం పైన సిగ్నల్ అందే పనసచెట్టు కిందికి వెళ్ళి యాప్ తెరిచారు. హాజరు పేజీకి ముందు కొత్త పేజీ ఒకటి అడ్డం వచ్చింది. మర్నాడు అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం. 1999లో యునెస్కో ప్రకటించిన రోజు. ఆ సందర్భంగా ప్రతి గిరిజన గ్రామం నుంచి, అక్కడి భాషలో, అక్కడి పెద్దలు పాడిన పాట గానీ చెప్పిన కథ గానీ ఒక వీడియో పంపాలి. గడువు ఆ సాయంత్రం 5 గంటలు. కింద రెండు బటన్లు: ‘అప్‌లోడ్ చేయండి’, ‘మా గ్రామంలో లేదు’. రెండింటిలో ఏదో ఒకటి నొక్కితే గానీ హాజరు పేజీ తెరుచుకోదు.

మాస్టారు పరుగున దిగి మామ్మ ఇంటికి వెళ్ళారు. ఆవిడ పసుపు కొమ్ములు ఆరబోస్తోంది. సంగతి చెప్పగానే చేతులు కొంగుకి తుడుచుకుని, చేట తెచ్చుకుని అరుగు మీద కూర్చుంది. మాస్టారు కెమెరా పెట్టారు. మామ్మ ఎత్తుకుంది. పిల్లలు చుట్టూ చేరారు. ఇంతకుముందెన్నడూ పాడని పాట అది, ఆవిడ తన అమ్మ దగ్గర నేర్చుకున్నదట. రెండో చరణంలో ఉండగా తెర మీద ఎర్రక్షరాలు పడి కెమెరా ఆగిపోయింది. ‘స్టోరేజ్ నిండిపోయింది.’

ఆయనకి నమ్మకం కలగలేదు. సెట్టింగులు తెరిచి చూశారు. ఎక్కినప్పుడు 150 ఎంబీ ఉన్న యాప్, సిగ్నల్ దొరికినప్పుడల్లా ముఖాలు గుర్తుపట్టే ఫైళ్ళు, ఫారాలు, శిక్షణ వీడియోలు దించుకుంటూ దించుకుంటూ 3 జీబీ దాటింది. మామ్మ ఖాళీ చేసిన చోటంతా దానిదే.

ఇక తనిఖీ గురించి ఆలోచించలేదు. మరుగుదొడ్డి ఫొటోలు పదులూ ఇరవైలూ ఎంచుకుని తుడవడం మొదలుపెట్టారు. పాత ట్యాబ్, ఒక్కో గుత్తి పోవడానికి ఒక్కో యుగం పట్టింది. చోటు చేసుకుని, పాట మళ్ళీ మొదటినుంచీ తీసుకుని, పనసచెట్టు కిందికి చేరేసరికి 5 దాటింది. ‘అప్‌లోడ్ చేయండి’ బటన్ వెలిసిపోయి ఉంది. ఎంత నొక్కినా కదల్లేదు. రెండోది మాత్రం పచ్చగా వెలుగుతోంది. పొద్దున్న హాజరు వెయ్యాలి.

వెనకే మెల్లగా ఎక్కి వచ్చిన మామ్మ ఆయన భుజం మీంచి తెరలోకి తొంగిచూసింది.

“పడ్డాదా బాబూ నా పాట?”

మాస్టారు ‘మా గ్రామంలో లేదు’ అన్న బటన్ నొక్కారు. వెంటనే పచ్చటి టిక్కు పడింది. దాని కింద ఓ వాక్యం వచ్చింది:

‘ధన్యవాదాలు. మీ గ్రామ భాషా వివరాలు శాశ్వతంగా భద్రపరచబడ్డాయి.’