ఏకాంత వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: "ఎల్లోస్టోన్ అడవిలో, జనానికి దూరంగా, ప్రకృతి ఒడిలో కాసింత ఏకాంతం."

అవతారిక: అద్దె ట్రైలరును పికప్పు ట్రక్కుకు తగిలించి, అందులో ఫ్రిజ్జు, మైక్రోవేవు, ఏసీ, అత్తమామలను సర్దుకుని బయల్దేరిన మా అల్లుడుగారు మిత్రులకు పంపిన ఫొటో కింద రాసిన వాక్యమిది. ఫొటోలో మేం లేం.

టీక: 'అడవి', 'ప్రకృతి', 'ఒడి' సుగమాలు. 'దూరంగా' అన్నచోట మాత్రం వ్యాఖ్యాత ఆగక తప్పదు. ముందు కారు బంపరుకు మూడడుగుల దూరమని అన్వయించుకోవాలి. హేడెన్ లోయలో ఒక అడవిదున్న రోడ్డుకు అడ్డంగా నిలబడింది. రెండువైపులా కనుచూపు మేర బళ్లు. దున్నకు 25 గజాల ఎడం పాటించాలని పార్కు నియమం. ఒకాయన పిల్లవాణ్ణి భుజానెక్కించుకుని దాని మూతి దాకా పోయి సెల్ఫీ తీసుకున్నాడు. ఏకాంతం మాట దేవుడెరుగు, ఆ దున్నకు రావలసిన 25 గజాలు కూడా దానికి దక్కలేదు.

విశేషం: ఇక్కడ భరతుడు స్మరణీయుడు. అన్నగారిని వెతుక్కుంటూ వచ్చినవాడు భరద్వాజాశ్రమానికి కోసెడు దూరంలోనే సైన్యాన్ని ఆపేశాడు. ఎందుకయ్యా అని ముని అడిగితే, ఏనుగులూ గుర్రాలూ చెట్లను, నీళ్లను, నేలను, పర్ణశాలలను పాడుచేస్తాయని భయపడ్డానన్నాడు. ముని వినలేదు. విశ్వకర్మను పిలిచి, అడవిలోనే మేడలు, శాలలు, పాయసమే బురదగా ఉన్న బావులు సృష్టింపజేశాడు. తిని తాగిన సైనికులు ఇక అయోధ్యకూ పోం, దండకకూ పోం అని మొరాయించారు. సకల సౌకర్యాల వనవాసానికి ఆద్యులు వాళ్లే. తర్వాతి కథ మన పౌరాణికులు ఎందుకో చెప్పరు. రాముడు చిత్రకూటం విడిచిపెట్టడానికి వాల్మీకి చెప్పిన కారణాల్లో భరతుడి సేన విడిసినచోట పేరుకున్న ఏనుగుల, గుర్రాల పేడ ఒకటి. కోసెడు దూరంలో సేనను ఆపే మర్యాద తెలిసినవాడి శిబిరమే అలా ఉంటే...

ప్రకృతం అనుసరిద్దాం. మాకు దొరికిన చోటు ఫిషింగ్ బ్రిడ్జ్ అనే వంతెన దగ్గరి ట్రైలర్ల క్యాంపు. నెలల ముందు బుక్ చేస్తే దొరికింది. చేపలు తరిగిపోయి ఆ వంతెన మీద 1973లోనే గాలాన్ని నిషేధించారు; పేరు మాత్రం మిగిలింది. ఎలుగుబంట్లు తిరిగే తావు కనుక అక్కడ గుడ్డ గుడారాలు నిషిద్ధం, గట్టి గోడల బళ్లకే ప్రవేశం. అంటే ఎలుగు ఇంటికి పిలవని పేరంటానికి పోతూ గోడలు కూడా మనమే మోసుకుపోవాలి. మా కిటికీ తెరిస్తే పక్క ట్రైలరు మురుగు గొట్టం, ముడతలు ముడతలుగా, మూతికాడ కారుతూ. దాని పక్కనే మా భోజనాల బల్ల. ఆ బల్లమీద నేను రెండు పూటలు పెరుగన్నం తిన్నాను.

అలంకారం: వక్రోక్తి. బండిని వెనక్కి నడిపేటప్పుడు స్టీరింగు కుడికి తిప్పితే వెనక ట్రైలరు ఎడమకు పోతుంది. వక్రోక్తి మీద గ్రంథం రాసిన కుంతకుడు దీన్ని చూసి ఉంటే ఆ గ్రంథం ఇంకొంచెం పెరిగేది. "మామయ్యగారూ, వెనక చూసి చెప్పండి" అన్న అల్లుడుగారి కేకకు పక్క ట్రైలర్లన్నిట్లోంచి తలలు బయటికొచ్చాయి. సలహాలు మూడు భాషల్లో అందాయి. పైన చెప్పిన ఏకాంతం ఇదే కాబోలు.

పాఠాంతరం: 'కాసింత ఏకాంతం' అన్నచోట 'కరెంటు, నీళ్లు, డ్రైనేజీ' అని మా ఆవిడ పాఠం. ఎల్లోస్టోన్ మొత్తం మీద ఆ మూడూ ఉన్న క్యాంపు ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కటే కనుక ఆ పాఠమే గ్రాహ్యం.