మొక్క నాటండి, నీళ్లు ముట్టకండి

తీరప్రాంత, చిత్తడినేలల పునరుద్ధరణ కార్యక్రమానికి కొత్తగా మేనేజరై వచ్చిన దొరవారికి అనకాపల్లి వాళ్ల నమస్కారాలు.

మీరు చెయ్యాల్సిన పనులన్నీ నియామక పత్రంలో రాసే ఉంటారు. చెయ్యకూడని పని ఒకటుంది. అది ఏ కాగితంలోనూ ఉండదు కాబట్టి మేమే చెబుతున్నాం. మొక్కలు ఎన్నైనా నాటండి. బోర్డులు ఎన్నైనా పాతండి. వర్క్‌షాపులు పెట్టి జీడిపప్పు పంచండి. నీళ్లు ఎక్కణ్ణించి వస్తాయి, ఎక్కడ ఆగుతాయి, ఎటు పోతాయి, ఆ దారిలో ఎవరు గట్టు వేసుకున్నారు అని మాత్రం అడక్కండి. అలా అడిగే అధికారికి రెండో వేసవి దాకా అదే కుర్చీ దక్కడం కష్టం.

ముందు కొండకర్ల ఆవకి వెళ్లి రండి. అచ్యుతాపురం వైపు. రాష్ట్రంలో కొల్లేరు తర్వాత అంతటి మంచినీటి సరస్సు ఇదేనని ఇక్కడ బడిపిల్లలు కూడా అప్పజెబుతారు. తాటిబోదెలు తొలిచి జతకట్టిన దోనె ఎక్కి ఫొటో దిగండి. ఆ దోనె నడిపే మనిషికి ఆవ ఏ మూల ఎంత లోతుందో, ఎక్కడ పూడిందో, పక్షులు ఏ నెలలో ఎటు దిగుతాయో కరతలామలకం. అందుకే ఆయన్ని ఏ కమిటీలోనూ వెయ్యకండి. తెలిసినవాడు కమిటీలో కూర్చుంటే కన్సల్టెంటు ఏం చెయ్యాలి?

ఆవ ఎవరిదో కూడా తెలుసుకోవాలి కదా. భూమి రెవెన్యూ వారిది. నీరు ఇరిగేషన్ వారిది. నీళ్లలో చేప మత్స్యశాఖది. ఆ చేపని ముక్కున కరుచుకున్న కొంగ అటవీశాఖది. కొంగను చూడ్డానికొచ్చిన మనిషి పర్యాటకశాఖ సొత్తు. ఆ మనిషి పారేసిన చిప్స్ ప్యాకెట్టు పంచాయతీది. ఇక మిగిలింది గుర్రపుడెక్క. అది ఎవరిదీ కాదు, కాబట్టే అదొక్కటీ దివ్యంగా బతుకుతోంది.

ఫిబ్రవరి 2 ప్రపంచ చిత్తడినేలల దినం, 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్‌లో ఒడంబడిక కుదిరిన రోజు. దానికి సరిపడేలా జనవరిలో గుర్రపుడెక్క తీయించే టెండరు పిలవండి. తీసినదాన్ని గట్టుమీదే కుప్ప పోయించండి. తొలకరికి మళ్లీ నీళ్లలోకి జారుతుంది, వచ్చే ఏటి టెండరుకి ఢోకా ఉండదు. పొలాల్లోంచి యూరియా, ఊళ్లలోంచి మురుగు దిగుతున్నంతకాలం ఈ మొక్క రోజుల్లోనే రెట్టింపవుతుంది. దాని గింజ బురదలో ఏళ్లతరబడి ప్రాణంతో ఉంటుంది. పునరుద్ధరణ నిధులకి ఇంత నమ్మకమైన లబ్ధిదారు మరొకరు దొరకరు.

చట్టం గురించి బెంగ వద్దు. 2017 నాటి చిత్తడినేలల నియమాలు చదివితే ప్రాణం తేలికపడుతుంది. వరిపొలం చిత్తడినేల కాదు. నదీ ప్రవాహం కాదు. తాగునీటికోసం కట్టింది కాదు, సాగునీటికోసం తవ్వింది కాదు, ఉప్పుమడి కాదు, చేపలచెరువు కాదు. అటవీ చట్టం కిందకో తీరప్రాంత నియంత్రణ నిబంధనల (సీఆర్‌జెడ్) కిందకో వచ్చేదీ కాదు. శీతాకాలం ఖండాలు దాటి ఎగిరొచ్చే బాతుకి ఈ పట్టిక ఎవరూ చూపించలేదు గనక అది నీళ్లు కనిపించిన ప్రతిచోటా దిగుతోంది. దేశంలో 2.25 హెక్టార్లు దాటిన చిత్తడినేలలు 2,01,503 ఉన్నాయని ఉపగ్రహ చిత్రాలతో లెక్క తేలితే, వాటన్నిటినీ కాపాడమని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. కంగారుపడకండి. కాపాడాలంటే హద్దు తెలియాలి, హద్దు తెలియాలంటే సర్వే జరగాలి, సర్వే జరగాలంటే గొలుసు పట్టుకున్న సర్వేయరు ఎవరో ఒకరి మడిలో కాలు పెట్టాలి. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి అందరికీ భోజనాల వేళ అవుతుంది.

హద్దు తేల్చిన చోట మాత్రం ఏం ఒరిగిందంటారా? 1999లో కొల్లేరును అయిదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యం చేశారు. 2002లో అది రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో పేలుడు పదార్థాలు కూడా వాడి చేపలచెరువుల గట్లు లేపేశారు. గట్లు మళ్లీ లేచాయి. గట్టుకున్న పునరుద్ధరణ శక్తి సరస్సుకి లేకపోయింది.

ఇక తీరం. ఇక్కడ మీ పని మరీ తేలిక. కేంద్రం 2023 జూన్ 5న ‘మిష్టి’ పేరుతో మడ అడవుల పథకం మొదలెట్టింది. లక్ష్యం సుమారు 540 చదరపు కిలోమీటర్లు. ఎంత నాటామన్నది ఒక పద్దు, ఎంత బతికిందన్నది వేరే పద్దు. రెండోది తెరవాల్సిన పని లేదు. మడ పిలకని బురదలో గుచ్చితే నాటిన రోజున నిటారుగానే ఉంటుంది, ఫొటోకి అంతకన్నా ఏం కావాలి? శ్రీలంకలో సునామీ తర్వాత ఇలాగే ఉత్సాహంగా గుచ్చారు. నేల చూడకుండా, లోతు చూడకుండా పెట్టినవి చాలాచోట్ల ఒక్కటీ మిగల్లేదు.

మన గోదావరి, కృష్ణా డెల్టాల్లో స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ, ఊరి జనం కలిసి 1990ల చివర్లో దీన్ని తిరగేసి చేశారు. ముందు మొక్క కాదు, కాలువ. మధ్యలో ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా చేపముల్లు ఆకారంలో పిల్లకాలువలు. పోటుకి నీరు లోపలికి వచ్చింది, పాటుకి బయటికి పోయింది. నీరు నిలిచి, ఎండి, ఉప్పు పేరుకుని చచ్చిన నేలలో మడ మళ్లీ లేచింది. చెరుకురసం పోయకుండా పెనం కింద ఎంత మంట పెట్టినా బెల్లం దిగదని అనకాపల్లిలో ఎవర్నడిగినా చెబుతారు. కానీ అయ్యా, కాలువ తవ్వకానికి రిబ్బను ఎక్కడ కట్టాలి?

శారద, వరాహ, తాండవ నదులు సముద్రంలో కలిసేచోట మొగ ఇసకతో పూడితే పడవ లోపలికి రాదు, చేప పైకి పోదు. తెరిపించమని జాలర్లు వస్తే ‘మా ప్రాజెక్టు పరిధిలో లేదు’ అనండి. ఇసక దిబ్బలు కనిపిస్తే సరుగుడు వేయించండి. గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే ఆలివ్ రిడ్లే తాబేలుకి కావలసింది చెట్టూ చేమా లేని బోసి ఇసక. ఫర్వాలేదు, తాబేలు ఫిర్యాదు చెయ్యదు.

ఇంతకీ మీరు బాగుచెయ్యబోయే తీరం ఎంత మిగిలిందో పటం తెరిచి చూశారా? రాంబిల్లి దగ్గర నౌకాదళ స్థావరం. అచ్యుతాపురంలో సెజ్. పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ హబ్, నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్కు. ఈ రెండింటికీ 2025 జనవరి 8న ప్రధాని విశాఖలో శంకుస్థాపన చేశారు. అదే ఏడు రాజయ్యపేట మత్స్యకారులు డ్రగ్ పార్కు వద్దని దీక్షలు చేశారు, జాతీయ రహదారి మీద బైఠాయించారు. వాళ్లు అడిగింది సముద్రాన్ని పాడుచెయ్యొద్దనే. మీ ప్రాజెక్టు నివేదిక మొదటి పేజీలోనూ ఉండాల్సిన మాట అదే. ఆ మాట మీరంటే లక్ష్యం, వాళ్లంటే శాంతిభద్రతల సమస్య.

ఉత్తరాంధ్రకి ఇది కొత్త కాదు. సోంపేట బీల అనే చిత్తడినేల మీద వేలమంది రైతులూ జాలర్లూ బతుకుతుండగా, థర్మల్ ప్లాంటుకోసం అది కాగితాల్లో పనికిరాని నేల అయిపోయింది. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ ప్లాంటు పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ రద్దుచేసింది కూడా ఆ రోజే. బీలను బీల అని ఒప్పించడానికి జనం శవాలు మొయ్యాల్సి వచ్చిన చోట, పునరుద్ధరణ మేనేజరు మొక్కల బిల్లుల మీద సంతకాలు పెడుతూ కూర్చుంటే ఆ ఉద్యోగం పేరు మార్చుకోవాలి.

మేనేజరు గారితో మాట అయింది. ఇక పాఠకులకి ఒక మనవి. వచ్చే ఫిబ్రవరి 2న ఆవ గట్టుకి మిమ్మల్నీ పిలుస్తారు. వెళ్లండి, టోపీ ఇస్తే పెట్టుకోండి. మొక్క చేతికిస్తే పక్కన పెట్టి, పూర్తి నీటిమట్టం గీత ఎక్కడుంది, హద్దురాళ్లు ఎన్ని వేశారు, వాటిలో ఎన్ని ఇంకా ఉన్నాయి అని మైకులో అడగండి. జవాబు రాకపోతే మర్నాడు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో చెప్పి తీరాలి.